పసుపు కల్లంలో కూర్చుని అడిగిన మాట

ఆర్మూర్ వెళ్తున్నానంటే మా గూడెంలో ఎవరైనా "అమ్మ దగ్గరికా బాయీ?" అనే అడుగుతారు, అక్కడ టీచరమ్మను బాయీ అనే పిలుస్తారు. ఈసారి అందుకు కాదు. అమ్మ ఇంటి ముందు నుంచే ఆటోలో పోయి, గడప కూడా తొక్కకుండా, ఒక పిల్లను వెతుక్కుంటూ నా ఊరి చుట్టూ నేనే గిరికీలు కొట్టి వచ్చాను. రెండో శనివారం సెలవు అలా ఆవిరైపోయింది. నాలాగే అడవి పక్క బడిలో పోస్టు తెచ్చుకుని, పసుపు తవ్వకాల రోజుల్లో సగం ఖాళీ అయిన తరగతి గదిలో కూర్చునే కొత్త టీచర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. దారి, బస్సులు, తిండి అన్నీ చెబుతాను. అలసట సంగతి కూడా చెబుతాను, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి.

నేను ఉట్నూరు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక గోండు గూడెంలో టీచర్‌ని. బడికి ఒక్కదాన్నే. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే గది. సంక్రాంతి దాటగానే గూడెంలో కొన్ని కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పసుపు పనికి ఆర్మూర్ వైపు దిగుతాయి. పిల్లలూ వెంట పోతారు. ఈసారి పోయినవాళ్లలో దేవుబాయి ఉంది. నాలుగో తరగతి. గురుకుల ప్రవేశ పరీక్షకు మా బడి నుంచి దరఖాస్తు పెట్టిన మొదటి పిల్ల. "పరీక్షకు ముందే తోలుకొస్త బాయీ" అని మాటిచ్చి తీసుకెళ్లాడు వాళ్ల నాన్న లింగు. శుక్రవారం సాయంత్రం దాకా రాలేదు, ఫోన్ స్విచాఫ్. పరీక్ష ఆదివారం పొద్దున ఉట్నూరులో. హాల్‌టికెట్ నా బ్యాగులో, పిల్ల నూరు కిలోమీటర్ల పైచిలుకు అవతల. ఈ ఏడు పోతే ఐదో తరగతి ప్రవేశం మళ్లీ దొరకదు. మా బడి అయిపోయాక పై చదువుకు దగ్గరలో మరో దారి లేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, తర్వాత దాచానని అనుకోకండి. ఆర్మూర్ దగ్గర బడిలో పనిచేసే ఒక సారుకు అత్తగారిది ఉట్నూరు. ఆయన ఇటు వస్తాడు, నేను అటు పోవచ్చు. ఇద్దరం సంతకాలు పెడితే చాలు, మ్యూచువల్ అంటారు దీన్ని. సోమవారం కల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు. మా అమ్మ లెక్కలో ఆ సంతకం ఎప్పుడో అయిపోయింది. నా మనసులో కూడా ముప్పావు వంతు అయిపోయింది. మూడేళ్లలో రెండుసార్లు మలేరియా పడ్డాను. వానాకాలం వాగు దాటలేక బడిలోనే పడుకున్నాను. పిల్లలు ఇంట్లో గోండీ, పుస్తకంలో తెలుగు. వాళ్లు నోరు విప్పేసరికి నా గొంతు పోతుంది. సేవ చేయాలనే వచ్చాను. నిజంగానే వచ్చాను. కానీ ఒళ్లు అలిసిపోతే ఆశయాలు కూడా ఒక మూలన నడుం వాలుస్తాయి.

పొద్దున ఇంకా మసక చీకటి ఉండగానే పాలు పోసే ఆయన బండి మీద రోడ్డెక్కాను. అక్కడి నుంచి ఉట్నూరుకు జీపు, ఉట్నూరు నుంచి ఖానాపూర్ మీదుగా నిర్మల్‌కు బస్సు. గుడిహత్నూర్ వెళ్లి పెద్ద హైవే పట్టుకునే దారి కూడా ఉంది, కానీ అది చుట్టు. ఖానాపూర్ దారి మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి. అడవిలో మోదుగులు విరగబూసి ఉన్నాయి. ఫొటో తీద్దామని ఫోన్ తీసి, తీయకుండానే నిద్రపోయాను. కండక్టరమ్మ భుజం తట్టి ఆధార్ అడిగింది. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఆ రోజంతా బస్సులకు రూపాయి ఖర్చు కాలేదు, ఆధార్ మాత్రం మర్చిపోకండి. టీచర్‌నని చెప్పగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ట్రాన్స్‌ఫర్ పెట్టుకోలేదా అని. జీపతను కూడా అదే అడిగాడు. గూడెం టీచర్ కనబడితే జనం ఎలా ఉన్నావనరు, ఎప్పుడు పోతున్నావంటారు.

నిర్మల్ బస్టాండులో ఇడ్లీ తిని నిజామాబాద్ బస్సెక్కాను. సోన్ వంతెన మీద గోదావరి దాటుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు మాకూ ఎకరం పసుపు ఉండేది. ఏటా పైనుంచి గోండులు వచ్చి మా కల్లంలోనే గుడిసె వేసుకునేవాళ్లు. నా ఈడు పిల్ల ఒకతి పొద్దంతా కూర్చుని మండ నుంచి, అంటే తల్లి దుంప నుంచి, కొమ్ములు విరిచేది. నేను బడి నుంచి వచ్చేసరికి కూడా అక్కడే ఉండేది. ఆ పిల్లకు బడి ఎందుకు లేదని నాన్నను అడిగితే, వాళ్ల ఊళ్లో టీచర్ ఉండడు బిడ్డా అన్నాడు. నేను టీచర్ కావడానికి అంతకంటే పెద్ద కథ ఏమీ లేదు. శిక్షణ అయ్యాక అందరూ ఇంటి పక్క మండలాలు వెతుక్కుంటే నేను ఆ 'పైన' అనే ఊరిని వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడు టీచర్ ఉంది, పిల్లలు కల్లంలో ఉన్నారు.

పదకొండు దాటాక ఆర్మూర్‌లో మామిడిపల్లి చౌరస్తా దగ్గర దిగాను. ఎండ అప్పుడే నెత్తి మాడ్చేస్తోంది. గాలి నిండా ఉడికిన పసుపు వాసన. మా ఊళ్లో ఈ రోజుల్లో ఉతికి ఆరేసిన తెల్లబట్ట కూడా సాయంత్రానికి పచ్చబడుతుంది. ఆటోల దగ్గర ఖాజా భాయ్ కనిపించాడు. మా వీధి చివర ఇల్లు, పదేళ్లు దుబాయ్‌లో బండి తోలి వచ్చి ఇక్కడ ఆటో కొనుక్కున్నాడు. నన్ను చూడగానే ఇంటికేనా బిడ్డా అన్నాడు. కాదు, ఆలూర్ వైపు, ఒక పిల్లను పట్టుకుపోవాలి అన్నాను. పట్టుకుపోవుడేంది, టీచర్ కొలువు ఇడిసి పోలీసుల చేరినవా అని నవ్వాడు. కొత్తవాళ్లకు చెప్పేదేంటంటే, ఆలూర్‌కు షేర్ ఆటోలు ఉంటాయి, కానీ కల్లాలు ఊరి బయట చేలల్లో ఉంటాయి. వెతకాలంటే ఆటో మాట్లాడుకోవాల్సిందే. కిరాయి ఎక్కేముందే తేల్చుకోండి. ఖాజా భాయ్‌తో నేను తేల్చుకోలేదు, తేల్చుకుందామంటే ఆయన కొట్టేలా చూశాడు.

మా సందు ముందు నుంచి పోతుంటే తల వంచుకుని కూర్చున్నాను. అమ్మ అరుగు మీద చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆగితే మ్యూచువల్ మాట వస్తుంది, తిండి వస్తుంది, ఏడుపు వస్తుంది, మధ్యాహ్నం అయిపోతుంది. ఖాజా భాయ్ అద్దంలో నన్ను చూశాడు, హారన్ కొట్టలేదు.

ఆలూర్ దాటాక మూడు కల్లాలు తిరిగాం. మూడోదాని దగ్గరికి పోతుండగానే ఒక గొంతు వినబడింది. "ఓ రాజవ్వా, నీ గంప నాకిచ్చి నువ్వు జర కూసో! పొద్దటి సంది ఒక్కతీరుగ మోస్తున్నవ్." గలగలా, తడబాటు లేకుండా, అచ్చం మా సందులో పిల్లలా మాట్లాడుతోంది. చూస్తే దేవుబాయి. నా తరగతిలో మూడేళ్లుగా ప్రశ్న అడిగితే గోడ వైపు చూసే దేవుబాయి. నన్ను చూడగానే మళ్లీ గోడ కోసం వెతుక్కుంది, కల్లంలో గోడ లేదు. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. దగ్గరికి వెళ్లి తల నిమిరాను. జుట్టులో కూడా పసుపే.

లింగు పసుపు ఉడికించే ఆవిరి డ్రమ్ము దగ్గర ఉన్నాడు. ఉడుకు ఎక్కిన డ్రమ్మును వదిలి ఎవరూ కదలరు, ఒక్క పొంగు ఎక్కువైతే కొమ్ము లోపల రంగు చెడుతుంది. అది దిగేదాకా నేనూ ఎండలోనే నిలబడ్డాను. రైతు భార్య మంచిది, చాయ్ ఇచ్చింది, పిల్లను తీసుకుపోతే తమకేం అభ్యంతరం లేదంది. ఇంకేం, పని అయిపోయింది అనుకున్నాను. లింగు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, నేను అడగక ముందే సంజాయిషీ మొదలుపెట్టాడు.

"నాకు యాదికుంది బాయీ. గని నేనొక్కన్నే ఎట్ల తోలుకొస్త? పిల్ల సదువుకు ఊరిడిసి పోవుడంటే అందరం కూసొని మాట్లాడాలె. పటేల్ వేల్పూర్ కాడున్నడు. మేం ఇంక కూసోలె."

గూడెంలో పటేల్ అంటే భూములున్న ఆసామి కాదు, అందరి తరఫున మాట చెప్పే పెద్ద. మా పటేల్ పేరు మాన్కు. ఆయన రెండు కుటుంబాలతో వేల్పూర్ పక్క కల్లంలో పనికి కుదిరాడు. ఆలూర్ ఒక దిక్కు, వేల్పూర్ ఇంకో దిక్కు. ఫోన్ చేసి అడుగుదామంటే లింగు తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి మాట ఫోన్లో అడగరట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నిర్మల్ నుంచి ఉట్నూరుకు చివరి బస్సు చీకటి పడేవేళకే పోతుందని పొద్దున కనుక్కునే వచ్చాను. అది అందాలంటే ఐదింటికల్లా ఆర్మూర్ వదలాలి. అప్పటికి ఒంటిగంట అవుతోంది. వేల్పూర్ పోదామని ఖాజా భాయ్‌కి చెప్పాను. ఆయన అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేశాడు.

మళ్లీ ఆర్మూర్ మీదుగానే దారి. మళ్లీ మా సందు, మళ్లీ తల వంచుకోవడం. ఈసారి అమ్మ నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఊళ్లోకి వచ్చి ఇంటికి రాని బిడ్డను ఎవరన్నా చూశారా అని మొదలుపెట్టింది. ఎవరో చూసి చెప్పినట్టున్నారు. సారు పొద్దుగాల మళ్లీ ఫోన్ చేశాడని, కాగితాలు సిద్ధమని, తిని సంతకం పెట్టి పొమ్మని ఒంటికాలి మీద లేచింది. సాయంత్రం చౌరస్తాకు రా అమ్మా, ఐదింటికి అక్కడుంటా అని చెప్పి పెట్టేశాను. కళ్లు మూసుకుంటే ఎర్రగా ఎండే కనిపిస్తోంది.

వేల్పూర్ కల్లంలో మాన్కు పటేల్ ఆరబోసిన పసుపును కాలితో తిరగేస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, బక్కపలచన, తలపాగా కింద కనుబొమలు తెల్లగా ఉంటాయి. నేను ఆటో దిగీ దిగగానే గట్టు మీద నిలబడే మొదలుపెట్టాను. పరీక్ష రేపే, హాల్‌టికెట్ ఇదిగో, బస్సు ఐదింటికి, లింగు ఒప్పుకున్నాడు, మీరు ఊ అంటే చాలు. ఎంత గడగడా చెప్పానంటే మా మార్కెట్ యార్డులో ఖరీదుదారు కూడా అంత తొందరపడడు. ఆర్మూర్‌లో పుట్టినదాన్ని, మా దగ్గర ఏ బేరమైనా కుప్ప పక్కన నిలబడే అవుతుంది. పటేల్ నా వైపు చూడలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు, తిరిగి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. వినబడలేదేమోనని మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఇంకా గట్టిగా.

"నిలబడి అడిగితె పసుపు ధర అడుగు బాయీ, ఎర్కున్నంత చెప్త" అన్నాడు నెమ్మదిగా. "పిల్ల సంగతి గట్ల చెప్ప."

అప్పుడు కోపంతోనే కూర్చున్నాను. తాటిపత్రి పరదా నీడలో, పసుపు బస్తాల పక్కన, చెప్పులు విడిచి. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని మంచినీళ్లు ఇచ్చాడు. లింగు లేకుండా, పిల్ల లేకుండా మాట మొదలు కాదన్నాడు. పని అయ్యాక రాత్రికి కూర్చుందామన్నాడు. రాత్రికైతే పరీక్ష పోయినట్టే. నాకు నిజంగా ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. ఖాజా భాయ్ అంతా విని, నువ్వు కూర్చో బిడ్డా, నేను తెస్తా వాళ్లను అని మళ్లీ ఆలూర్ పోయాడు. ఆయన వచ్చేలోపు పటేల్ రైతుతో మాట్లాడి అరగంట పని ఆపించాడు. నేను బస్తాకు ఆనుకుని కునికాను. ఎవరో నా మీద తువ్వాలు కప్పారు.

మూడున్నర ప్రాంతంలో అందరూ చేరారు. వేల్పూర్‌లో ఉన్న రెండు ఇళ్లవాళ్లు, లింగు, అతని భార్య, దేవుబాయి, పటేల్, నేను. ఖాజా భాయ్‌కి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ చేతిలో పెడితే ఆయనా అక్కడే వరుసలో కూర్చుని తినసాగాడు. ఒక్కొక్కరూ తమ వంతుకు మాట్లాడారు. చాలావరకు గోండీలో. మూడేళ్లలో నేను నేర్చుకున్నది సగం అర్థం కావడానికి సరిపోయింది. లింగు పంపుదామన్నాడు. అతని భార్య మొగుడి మాటే తన మాటంది. సోంబాయి అనే ఆమె వంతు వచ్చేసరికి తెలుగులోకి మారింది, నాకు పూర్తిగా అర్థం కావాలని.

"మా పోరడు హాస్టల్ల ఉన్నప్పుడు జెరమొచ్చింది. నాలుగొద్దులకు ఎర్కైంది మాకు. ఎవల్ని అడగాల్నో తెల్వలె. వాన్ని చేర్పించిన టీచర్ అప్పటికే బదిలీ పెట్టుకొని ఎల్లిపాయె. గిప్పుడు గీ బాయి మాట మీద పంపుతం. రేపు గీ బాయి గూడ పోతె?"

ఆ పిల్లవాడు కోలుకున్నాడు, నాకు తెలుసు, ఇప్పుడు మేకలు కాస్తాడు. మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు. పటేల్ నా వైపు తిరిగాడు. నా వంతు అన్నమాట. ఉంటానని ఒక్క ముక్క అంటే పిల్ల నా వెంట వస్తుంది, బస్సు అందుతుంది, సోమవారం సంగతి సోమవారం. కానీ అబద్ధం చెప్పాలన్నా కాస్త ఓపిక ఉండాలి, నాలో అది కూడా మిగల్లేదు.

"నాకు తెల్వదు పటేలా" అన్నాను. "మా ఊరికి రమ్మని ఒక కాగితం ఒచ్చింది. సోమవారం జవాబు చెప్పాలె. నాకు పానం అలిసిపోయింది. ఉంట అని గిప్పుడు చెప్తె ఉత్తమాట అయితది. గని పిల్ల పరీక్ష రాయాలె. గదొక్కటి నాకు ఎర్కే."

సోంబాయి నన్నే చూస్తోంది. చివరి వంతు దేవుబాయిది. ఎవరి గురించి మాటో వాళ్లే చివర మాట్లాడతారట. ఆ పిల్ల మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉంది. పటేల్ గోండీలో ఏదో అడిగాడు. తల ఎత్తి నన్ను చూసి, మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"బాయీ, పరీక్షల పెన్నుతోని రాయాల్నా, పెన్సిల్‌తోనా?"

అందరూ నవ్వేశారు. లింగు భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పెన్నే అన్నాను, నా దగ్గర రెండున్నాయన్నాను. పటేల్ తల ఊపాడు. రాసి రమ్మను అన్నాడు. నేను లేవబోతుంటే చేత్తో ఆగమన్నాడు.

"రాసుడు వరకే గీ మాట. సీటొస్తె పంపాల్నా వద్దా అనేది మల్ల కూసుంటెనే తెగుతది. గియ్యాల కూసున్నోళ్లంత గప్పుడు కూసోవాలె. ఒక్కరు తక్కువున్నా తెగదు. నువ్వు గూడ కూసుంటివి గద బాయీ."

నేను నీడ కోసం, కోపంతో, బస్సు తొందరలో కూర్చున్నాను. అంతకు మించి నాకేం తెలియదు. మూడేళ్లు వాళ్ల మధ్య ఉన్నా ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, ఎందుకంటే మూడేళ్లలో నేనెప్పుడూ వాళ్ల మాటలో కూర్చోలేదు. తల్లిదండ్రుల సమావేశాల్లో కూడా బోర్డు పక్కన నిలబడే మాట్లాడేదాన్ని. ఖాజా భాయ్ రొట్టె నమలడం ఆపాడు.

"అరె, నేను గూడ కూసున్న గద పటేలా. రొట్టె తినెతందుకు కూసున్న. నేను గూడ అడవికి రావాల్నా?"

"కూసుంటివి గద" అన్నాడు పటేల్, నవ్వకుండా.

ఐదింటికి కాస్త ముందే చౌరస్తా చేరాం. అమ్మ టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది. నన్ను తిట్టడానికి నోరు తెరిచి, నా వేలు పట్టుకున్న పిల్లను చూసి మూసుకుంది. గీ పిల్ల కోసమా అంది. ఊ అన్నాను. రేపు పరీక్ష అని చెప్పాను. దేవుబాయి చేతులు తిప్పి చూసి, గీ చేతులతోని రాస్తే కాగితం ఏం కావాలె అని నా మీదే కోప్పడింది. అది నాకు తట్టనే లేదు. జవాబు పత్రం నిండా పచ్చటి వేలిముద్రలు పడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? అమ్మ పక్క దుకాణంలో కొబ్బరినూనె ప్యాకెట్ కొనుక్కొచ్చింది. బస్టాప్ బల్ల మీద ఆ పిల్లను కూర్చోబెట్టుకుని ఒక్కో వేలూ రుద్దసాగింది. అమ్మ వేళ్లు తంబాకుతో నల్లగా, పిల్ల వేళ్లు పసుపుతో పచ్చగా. కొంగుతో తుడుస్తోంది, మళ్లీ రుద్దుతోంది. కొంగు పాడైపోతుంది అమ్మా అంటే విననట్టే ఉంది.

సారుకు ఏం చెప్పాలని అడిగింది తల ఎత్తకుండానే.

"రానని చెప్పమ్మా" అన్నాను. "లేకుంటే నేనే చెప్త."

అమ్మ చెయ్యి ఆగింది. మూడేళ్లన్నావు గదా, ఇంకెన్నేళ్లు అంది. నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను. అక్కడ వాళ్ల మాటలో కూర్చుని వచ్చానమ్మా, లేచి రావడానికి లేదు. అమ్మకు ఏం అర్థమైందో తెలియదు. రెండో చెయ్యి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కళ్లలోనూ. ఇంటి పక్క బడి, వేడి అన్నం, అమ్మ పక్కన పడక, అవన్నీ నాకు కావాలి. కావాలని ఇప్పటికీ అంటాను. బస్సు వస్తే డబ్బా దేవుబాయి ఒళ్లో పెట్టి, ఇద్దరూ తినండి అని అమ్మ వెనక్కి తిరిగి నడిచింది.

చివరి బస్సు అందింది. నిర్మల్ నుంచి ఉట్నూరు దాకా ఆ పిల్ల నా భుజం మీద పడుకుంది, నేను కిటికీ మీద పడుకున్నాను. ఆ రాత్రి ఉట్నూరులో తోటి టీచర్ గదిలో ఉండి, పొద్దున పరీక్ష రాయించాను. బయటికి వచ్చాక ఎలా రాశావంటే పచ్చదనం పూర్తిగా పోని అరచేయి చూపించి, కాగితానికి అంటలేదు బాయీ అంది. నాకు కావలసిన జవాబు అది కాదు, అయినా సంతోషమే అనిపించింది. సోమవారం సారుకు ఫోన్ చేసి చెప్పాను. పాపం, ఆయన చాలా బాధపడ్డాడు. నేనూ పడ్డాను.

ఫలితాలు ఇంకా రాలేదు. పసుపు పని అయిపోయి అందరూ గూడెం చేరారు. మాన్కు పటేల్ ప్రతి సోమవారం పొద్దున బడి ముందుకు వచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, నేను తాళం తీయడం చూసి వెళ్లిపోతాడు. ఏమీ అడగడు. సోంబాయి కొడుకు మేకలను బడి పక్కనే మేపుతున్నాడు ఈ మధ్య. ఖాజా భాయ్ వారం వారం ఫోన్ చేసి సీటొచ్చిందా అని ఆరా తీస్తాడు. ఆటోకు సర్వీసింగ్ చేయించి పెట్టాడట, నిర్మల్ ఘాటు ఎక్కుతుందో లేదో అన్నదొక్కటే ఫికర్ అట. నా అలసట ఎక్కడికీ పోలేదు. పొద్దున లేస్తే నడుం అలాగే లాగుతుంది, ఒకటో తరగతి పిల్లలు అలాగే నా గొంతు తింటారు. కాకపోతే ఇప్పుడు ఎప్పుడు పోతున్నావని ఎవరైనా అడిగితే, ముందులాగా తడుముకోవడం లేదు.

గూడేల్లో పోస్టు తెచ్చుకునేవాళ్లకు ఒక్క సలహా. ఆధార్ కార్డు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎలాగూ పెట్టుకుంటారు. పిల్లల కోసం కల్లాలకు వెళ్తే ముందు పెద్దమనిషి ఎక్కడున్నాడో కనుక్కుని, నేరుగా అక్కడికే పోండి, నాలాగా రెండు దిక్కులా తిరగకండి. వెళ్లాక నిలబడి అడగకండి, కూర్చుని అడగండి. కానీ చెప్పులు విడిచే ముందు ఒక్క నిమిషం ఆలోచించుకోండి. అక్కడ కూర్చోవడం మీ ఇష్టం, లేవడం మాత్రం మీ ఒక్కరి చేతిలో ఉండదు.